గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ మరమ్మతు, ప్రోగ్రామింగ్ – మూడవ పాఠం: కారిన సెల్లు, మీటల పరీక్ష

గత పాఠాలలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) కంపెనీ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్లు, అంటే తెర మీద గ్రాఫులు గీసే గణన యంత్రాలైన టీఐ-83 ప్లస్, టీఐ-84 ప్లస్‌ల లోపలి అమరికను, అంటే జైలాగ్ జెడ్80 ప్రాసెసరును, అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలు గల తెరను, నాలుగు సన్న సెల్లను, వాటి పక్కన ఉండే చిన్న బటన్ సెల్‌ను పరిచయం చేసుకున్నాము. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ ప్రాంతాలలో ఈ యంత్రాలు ఎక్కువగా అమెరికాలో చదువుకున్న బంధువుల సామానుతో పాటే ఇళ్లకు చేరి, ఏళ్ల తరబడి బీరువాలో ఉండిపోతాయి. రోహిణి కార్తె ఎండలకు గది వేడెక్కి, లోపల మరచిపోయిన సెల్లు కారిపోవడం మామూలు సంగతి. అందువల్ల మన దగ్గర ఈ పని నేర్చుకోదలచిన వారికి మొట్టమొదట ఎదురయ్యే జబ్బు ఇదేనని నా అభిప్రాయం.

పని మొదలుపెట్టే ముందు, పోగొట్టుకోకూడని ప్రోగ్రాములు అందులో ఉన్నాయా అని యజమానిని ఒక మాట అడగాలి. సెల్లు మార్చేటప్పుడు తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌లో ఉన్నదాన్ని నిలిపి ఉంచేది ఆ బటన్ సెల్లే. దాన్ని కూడా తీస్తే ర్యామ్‌లోని ప్రోగ్రాములు పోతాయి. ఆర్కైవ్ చేసినవి, అంటే విడిగా భద్రపరచినవి, కరెంటు లేకున్నా చెరగని ఫ్లాష్ మెమరీలో ఉంటాయి కాబట్టి వాటికి భయం లేదు.

ఇక సెల్ పైనున్న అక్షరాలు చదవండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆల్కలైన్ అని ఉంటే కారినది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి పొటాషియం కార్బొనేటుగా మారి తెల్లని పొడిలా పేరుకుంటుంది. దీనికి నిమ్మరసం గాని వెనిగర్ గాని విరుగుడు. సెల్ మీద ఆల్కలైన్ అని లేకుండా హెవీ డ్యూటీ అని ఉంటే అది జింక్ క్లోరైడ్ రకం. దాని నుండి కారేది ఆమ్ల గుణం గల ద్రవం కాబట్టి దానికి నిమ్మరసం పనికిరాదు, నీటిలో కలిపిన వంట సోడా వాడాలి. ఏ సెల్ కారినా ఒకే మందు వేసే అలవాటు మానుకోవాలి.

చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని సెల్లు, బటన్ సెల్ రెండూ తీసివేయండి. ఎండిన పొడిని ముందుగా పాత టూత్‌బ్రష్‌తో కిందికి రాల్చండి, నోటితో ఊదకండి. తరువాత, కారినది ఆల్కలైన్ సెల్ అయితే, ఇయర్‌బడ్ కొసను నిమ్మరసంలో ముంచి, పిండి, స్ప్రింగు మొదలుపై అద్దండి. పొడి ఉన్నచోట సన్నని నురగ లేస్తుంది. అది కార్బొనేటు నుండి విడుదలయ్యే వాయువు. కొత్త ఇయర్‌బడ్‌తో మళ్లీ అద్దినప్పుడు నురగ రాకపోతే క్షారం తీరిందని అర్థం. అయితే ఇప్పుడు అక్కడ ఆమ్లం మిగిలి ఉంటుంది, దాన్నీ తీయాలి. బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి అవి వద్దు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి దానితో తుడిచి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో స్ప్రింగును గీకకండి: పైనున్న నికెల్ పూత పోతే లోపలి ఉక్కు కొద్ది నెలలలోనే తుప్పు పడుతుంది.

కంటికి కనబడినంత మేర శుభ్రం చేసి ఊరుకోవడం చాలదు. క్షారం బోర్డు మీది రాగి దారుల వెంట, వాటిని కప్పే ఆకుపచ్చ పూత కిందికి కూడా పాకుతుంది. మల్టీమీటరును బీప్ స్థానంలో పెట్టి, ఒక కొనను స్ప్రింగుకు, మరొక కొనను అది బోర్డుకు అతుక్కున్న చోటికి ఆనించండి. శబ్దం రాకపోతే ఆ అతుకును మళ్లీ సోల్డర్ చేయాలి. కొత్త ఆల్కలైన్ సెల్లు నాలుగు వేశాక బోర్డు దగ్గర దాదాపు 6 వోల్టులు కనబడాలి. పాతవి, కొత్తవి కలిపి వేయకండి. ముందుగా నీరసించిన సెల్‌లోకి మిగిలిన మూడూ బలవంతంగా కరెంటు తోస్తాయి, అదే మళ్లీ కారుతుంది.

తెర వెలిగిన తరువాత మీటలు పరీక్షించాలి. ఇందుకు ఆ యంత్రం కంటె మంచి పనిముట్టు మరొకటి లేదు. ప్రోగ్రామ్ మీట నొక్కి, న్యూ అనే చోటికి వెళ్లి, పేరు పెట్టి, ఈ ఆరు వరుసలు ఎక్కించండి:

క్లియర్‌హోమ్
రిపీట్ కె=45
గెట్‌కీ→కె
ఇఫ్ కె
డిస్ప్ కె
ఎండ్

ఈ ఆదేశాలను ఒక్కొక్క అక్షరంగా కొట్టకూడదు. ఇఫ్ అనే మాటను ఐ, ఎఫ్ అక్షరాలుగా కొడితే యంత్రం వాటిని రెండు చరరాశుల గుణకారంగా చదువుతుంది. రిపీట్, ఇఫ్, ఎండ్ ప్రోగ్రామ్ మీట కింద కంట్రోల్ పట్టీలోను, మిగిలిన మూడూ ఐ-ఓ పట్టీలోను దొరుకుతాయి. సమాన గుర్తు టెస్ట్ పట్టీలో ఉంటుంది. రిపీట్ షరతు పైన రాసినా, యంత్రం దాన్ని పరిశీలించేది ఎండ్ దగ్గరకు వచ్చాకే. కాబట్టి లోపలి వరుసలు కనీసం ఒక్కసారైనా నడుస్తాయి. నొక్కిన మీట సంఖ్యను తెచ్చిచ్చేది గెట్‌కీ; ఏ మీటా నొక్కనప్పుడు గెట్‌కీ సున్నా ఇస్తుంది. దెన్ లేని ఇఫ్ తన వెంటనే ఉన్న ఒక్క వరుసను మాత్రమే అదుపు చేస్తుంది, కాబట్టి సున్నాలు తెర మీదికి రావు.

ప్రోగ్రాము నడుపుతూ ప్రతి మీటనూ నొక్కండి. బాణాలను మినహాయిస్తే, వచ్చే అంకెలో చివరి స్థానం నిలువు వరుసను, ముందున్నది అడ్డు వరుసను తెలుపుతుంది: సైన్ మీటకు 52, ఐదు అంకె మీటకు 83, ఎంటర్‌కు 105. క్లియర్ నొక్కితే 45 చూపి ప్రోగ్రాము ఆగుతుంది. ఆన్ మీటకు సంఖ్య లేదు. అది ప్రోగ్రామును మధ్యలోనే ఆపుతుంది, కాబట్టి క్లియర్ చెడిపోయినప్పుడు అదే ఆధారం.

పలకని మీటలను కాగితం మీద గుర్తు పెట్టుకుంటే రోగం ఎక్కడుందో తెలుస్తుంది. ఒంటరిగా ఒక్క మీట పలకకపోతే, రబ్బరు కింది కార్బన్ బిళ్ల గాని, దానికి ఎదురుగా బోర్డు మీదున్న గీతలు గాని మురికిపట్టాయని భావించి ఆల్కహాల్‌తో తుడవండి. ఒకే నిలువు వరుసలో ట్యాన్, కుడి కుండలీకరణం, తొమ్మిది, ఆరు, మూడు, రుణ గుర్తు అన్నీ మూగబోతే మీటలను తుడిచి ప్రయోజనం లేదు. ఆ మీటలన్నీ బోర్డులో ఒకే తీగను పంచుకుంటాయి, తెగింది ఆ తీగే. క్షారం పాకిన దారిలోనే దాన్ని వెతకండి. నల్లబడిన లేదా ఆకుపచ్చగా మారిన రాగి కనబడుతుంది. కుడి అంచు వరుస మొత్తం పోతే ఎంటర్ కూడా పోతుంది కాబట్టి ఈ ప్రోగ్రామును నడపడం సాధ్యం కాదు. అప్పుడు నేరుగా మల్టీమీటరుతోనే వెతకాలి.

వచ్చే పాఠానికి ముందు మీ యంత్రంలోని మీటలన్నిటి సంఖ్యలతో ఒక పట్టిక తయారుచేసుకోండి, బాణాల సంఖ్యలను విడిగా రాయండి. తెర మీద నిలువు గీతలు మాయమయ్యే యంత్రం ఉన్నవారు దాన్ని విప్పకుండా అలాగే ఉంచండి. తెరను బోర్డుకు కలిపే పట్టీని వేడితో తిరిగి అతికించే పద్ధతి నాల్గవ పాఠంలో చూద్దాము.