గురువుపై ఆరోపణ వచ్చినప్పుడు విచారణ పెద్దలు చేయవలసినవి

మిర్యాలగూడలోనైనా, దేవరకొండ పక్కనున్న చిన్న పల్లెలోనైనా, కతోలిక గురువుపై, అంటే ఫాదర్ గారిపై, ఆరోపణ వచ్చిందంటే అది బిషప్ గారికి చేరేలోపే వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది. 1976లో ఏర్పడిన నల్గొండ మేత్రాసనంలోని (బిషప్ గారి పాలన కిందనున్న ప్రాంతంలోని) విచారణ పెద్దలనూ, పల్లెల్లో ప్రార్థన నడిపి మతబోధ చేసే ఉపదేశులనూ దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. మనం పారిష్‌ను ‘విచారణ’ అంటాము కనుక, ఆరోపణపై జరిగే పరిశీలనను ఇక్కడ ‘దర్యాప్తు’ అనే అంటాను.

ఆరోపణ చేసిన వ్యక్తి వయసు ముందుగా తెలుసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డపై లైంగిక నేరం జరిగిందన్న మాట చెవిన పడితే, పిల్లలను లైంగిక నేరాల నుండి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ విధి. తెలిసీ చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేసి సాయం అడగవచ్చు. పెద్దమనుషులు గుడి ఆవరణలో కూర్చొని సర్దుబాటు చేయడానికి ఇక్కడ తావు లేదు. అటువంటి సర్దుబాటు బిడ్డకు అన్యాయం చేయడమే కాక, గురువు నిర్దోషి అయితే ఆయనకు జీవితాంతం అనుమానాన్ని అంటగడుతుందని నా గట్టి నమ్మకం. ఫిర్యాదు చేసినది వయసు వచ్చిన స్త్రీ అయితే పోలీసుల దగ్గరకు వెళ్లే నిర్ణయం ఆమెది. స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుందని ఆమెకు చెప్పండి.

విన్నదాన్ని విన్నట్టే, చెప్పినవారి మాటల్లోనే, తేదీ వేసి రాయండి. కళ్లారా చూసినది ఏది, ఇతరులు చెప్పగా విన్నది ఏది అన్నది వేరుచేయండి. బిడ్డను మళ్లీ మళ్లీ ప్రశ్నించకండి, ఫాదర్ గారి ముందు నిలబెట్టి అడగకండి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డకు ఇష్టమైన చోటో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలని చట్టమే చెబుతోంది.

తర్వాత కాగితం ఎవరి చేతికి వెళ్లాలన్నది తేల్చుకోవాలి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. అధికారం ఉన్నవారికి సద్భావంతో ఇచ్చిన ఫిర్యాదు పరువునష్టం కాదని భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోని మినహాయింపు చెబుతోంది. అదే మాటను గ్రూపుల్లో పంపిస్తే ఆ రక్షణ ఉండదు, నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. కనుక పోలీసు స్టేషన్‌కూ మేత్రాసన కార్యాలయానికీ తప్ప కాగితం మరెక్కడికీ పోకూడదు. బాధితురాలి పేరు, ఫోటో, ఇంటి గుర్తులు బయటపెట్టడం వేరే నేరం. గురువు పేరు విషయంలోనూ శ్రీసభ చట్టం, అంటే కతోలిక సంఘపు కానన్ చట్టం, మౌనంగా లేదు. ఎవరి మంచిపేరునూ అన్యాయంగా చెరపరాదని 220వ నిబంధన చెబితే, రుజువయ్యేవరకు నిర్దోషిగానే ఎంచాలని 2021లో సవరించిన 1321వ నిబంధన చెబుతోంది.

అదే శ్రీసభ చట్టం 1717వ నిబంధన ప్రకారం బిషప్ గారు ప్రాథమిక దర్యాప్తు చేయిస్తారు. ఆ సమయంలో గురువును సేవ నుండి తప్పించవచ్చు. అది ముందుజాగ్రత్తే గాని శిక్ష కాదని సంఘానికి అదే ఆదివారం స్పష్టంగా చెప్పండి, లేకపోతే ‘తప్పు చేశాడు కాబట్టే పంపించేశారు’ అన్న మాట స్థిరపడిపోతుంది.

ఫాదర్ గారికి మొదటి రోజునే న్యాయవాది అవసరం. పోక్సోలోని తీవ్ర నేరాల్లో కోర్టు నేరం జరిగిందనే భావించి ముందుకు వెళ్తుంది, కాదని నిరూపించుకునే భారం ఆయనపై పడుతుంది. శ్రీసభ చట్టం కింద నడిచే కేసులోనూ ఆయనకు న్యాయవాదిని పెట్టుకునే హక్కు ఉంది, నేరం ఒప్పుకోవాలన్న బలవంతం లేదు. పాపసంకీర్తనంలో, అంటే విశ్వాసులు తమ పాపాలను గురువుకు రహస్యంగా చెప్పుకునేటప్పుడు, విన్నదాన్ని తనను కాపాడుకోవడానికైనా గురువు బయటపెట్టలేడు. ఆయన మౌనాన్ని అపరాధానికి గుర్తుగా తీసుకోకండి.

చివరిగా, ఆరోపణ నిలవకపోతే ఏం చేయాలి? 1993 నవంబరులో షికాగో కార్డినల్ జోసఫ్ బెర్నార్డిన్‌పై లైంగిక ఆరోపణ వచ్చింది. ఆరోపించిన వ్యక్తే 1994లో దానిని వెనక్కి తీసుకున్నాడు, కార్డినల్ గారు ఆయనను కలిసి సమాధానపడ్డారు. నేను పెద్దగా ఉన్న ఒక విచారణలో గుడి కట్టడం డబ్బుపై ఆరోపణ వచ్చినప్పుడు మాత్రం అలా ముగియలేదు. రసీదులన్నీ సరిపోయాయి, కానీ ఆ సంగతి మేమెవరం పీఠం దగ్గర నిలబడి చెప్పలేదు. ఫాదర్ గారు బదిలీపై వెళ్లేవరకు ఆ మచ్చ ఆయనపైనే ఉంది, అందుకు నేనూ బాధ్యుణ్ణే.

కనుక తేలిన విషయాన్ని బిషప్ గారి సంతకంతో ఉత్తరంగా అడిగి తీసుకోండి. అందులో ‘అబద్ధమని తేలింది’ అని ఉందో, ‘రుజువు కాలేదు’ అని ఉందో చూసి, ఉన్నదే చదవండి, పెంచకండి. బిడ్డ ఇచ్చిన సమాచారం తప్పని తేలినా, ఆ బిడ్డకు శిక్ష వేయరాదని పోక్సో 22వ సెక్షన్ చెబుతోంది, కనుక ఆ కుటుంబాన్ని ఎవరూ వెలివేయకుండా చూడండి. ఉత్తరాన్ని ప్రధాన గుడిలో ఆదివారం పూజలో చదివి, అదే వారం విచారణ కిందనున్న ప్రతి ఉపగ్రామంలోనూ ఉపదేశి చేత చదివించి, ఒక నకలును విచారణ రికార్డుల్లో భద్రపరచండి.