ఇన్వర్టర్ మొరాయిస్తోందా? కొత్త బ్యాటరీ కొనేముందు ఇవి చూడండి

ఎండాకాలం మొదలయ్యే సరికి ప్రతి వీధిలో ఒక మాట వినిపిస్తుంది: "మా ఇన్వర్టర్ ఎక్కువసేపు రావట్లేదండీ, బ్యాటరీ పోయినట్టుంది." నిజంగానే బ్యాటరీ పోయి ఉండొచ్చు. కానీ నేను చూసిన ఇళ్ళలో చాలాసార్లు తప్పు నీళ్ళలోనో, వదులైన బోల్టులోనో, లైనుకు తగిలించిన ఫ్రిజ్‌లోనో ఉంది. పదిహేను, ఇరవై వేలు పెట్టేముందు ఒక అరగంట పెట్టి చూసుకోవడం న్యాయం.

మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల ఇన్వర్టర్, దానికి 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత పట్టుతుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి. ఇక్కడ చెప్పేదంతా ఆ జోడీ గురించే.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన, బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడి

ఇది ముందు రాస్తున్నాను, ఎందుకంటే మిగతావన్నీ రేపటిదాకా ఆగుతాయి, ఇది ఆగదు. బ్యాటరీలో ఉండే ఆరు అరల్లో, అంటే సెల్స్‌లో, ఒకటి లోపల షార్ట్ అయినా, ఇన్వర్టర్ ఛార్జింగ్ ఆపకుండా ఎక్కిస్తూనే ఉన్నా బ్యాటరీ ఉడికిపోతుంది. పక్కలు ఉబ్బుతాయి, ఆ వాసన వస్తుంది. గోడ దగ్గర ఇన్వర్టర్ ప్లగ్ స్విచ్ ఆపండి, ఇన్వర్టర్ ముందున్న స్విచ్ కూడా ఆపండి, కిటికీలు, తలుపులు తెరవండి. ఆ గదిలో దీపం, అగ్గిపుల్ల, సిగరెట్ వద్దు. ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్‌కు చిన్న నిప్పురవ్వ చాలు. చల్లారేదాకా మూతలు తీయకండి, మళ్ళీ ఆన్ చేయకండి. మెకానిక్‌ను పిలిచి బ్యాటరీని, ఇన్వర్టర్ ఛార్జింగ్ వోల్టేజిని రెండింటినీ చూపించండి. ఛార్జింగ్ దోషం అలాగే ఉంచి బ్యాటరీ ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

దేవుడి గది పక్కనో, మెట్ల కింద తలుపు ఉన్న అరలోనో బ్యాటరీ పెట్టినవాళ్ళు దయచేసి చోటు మార్చండి. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు, దీపం దగ్గర ఉండకూడదు.

నాలుగు గంటలు వచ్చేది ఇప్పుడు అరగంటకే ఆగిపోతోంది

అందరికీ వచ్చే సమస్య ఇదే. కారణాలు ఒకటి కాదు, అందుకని వరసగా తీసేసుకుంటూ పోవాలి.

మొదట లోడ్ లెక్క వేయండి. పాత రకం సీలింగ్ ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు లాగుతుంది. మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఒక టీవీ కలిపితే 340 వాట్ల దాకా అవుతుంది. అప్పుడు ఇన్వర్టర్ లోపల పోయే నష్టంతో కలిపి బ్యాటరీ నుంచి దాదాపు 33 ఆంపియర్లు పోతాయి. 150 ఏహెచ్ అని రాసేది 20 గంటల మీద నెమ్మదిగా, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చే లెక్క. 33 చొప్పున లాగితే అంత రాదు, కొత్త బ్యాటరీ అయినా మూడు, మూడున్నర గంటలే. పోయినేడాది నాలుగు గంటలు వచ్చిందంటే పోయినేడాది రెండో గదిలో ఫ్యాను తిరగలేదేమో గుర్తుచేసుకోండి. ఆ మూడు ఫ్యాన్లూ తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం, 30 వాట్ల బీఎల్‌డీసీవి అయితే అదే బ్యాటరీ ఐదు గంటల పైన లాగుతుంది. బ్యాటరీ మీద పెట్టే డబ్బు ఫ్యాన్ల మీద పెడితే ఎక్కువ కలిసొస్తుందని నా గట్టి నమ్మకం.

లోడ్ పెరగలేదా? అయితే టెర్మినళ్ళు చూడండి. ఖమ్మంలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఇన్వర్టర్ ఇరవై నిమిషాలకే కుయ్యిమని ఆగిపోయేది. ఒక దుకాణం నుంచి మనిషి వచ్చి, చూసీ చూడగానే బ్యాటరీ మార్చాలన్నాడట. "రెండేళ్ళు కూడా కాలేదురా, అప్పుడే పోతుందా?" అని ఆవిడకు ఒకటే దిగులు. నేను వెళ్ళి ప్లాస్టిక్ తొడుగు తీస్తే ప్లస్ టెర్మినల్ కనిపించనే లేదు. దాని చుట్టూ తెలుపూ నీలమూ కలిసిన చిలుము, పేలాల ముద్దలా పొంగి ఉంది. ఫ్యాన్లు తిరుగుతుండగా ఆ వైరు మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది, మైనస్ వైపు వైరు చల్లగా ఉంది. బ్యాటరీలో ఉన్న శక్తి ఆ చిలుము దగ్గరే వేడిగా మారి పోతోందన్నమాట. అక్కడ వోల్టేజి పడిపోతుంటే ఇన్వర్టర్ బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఆపేస్తోంది.

దాన్ని బాగుచేయడం ఇలా. ఇన్వర్టర్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. చేతి ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. పానా రెండు టెర్మినళ్ళకూ ఒకేసారి తగిలితే నిప్పులు చిమ్ముతుంది, అందుకని పానా పట్టుకునే వైపు ఇన్సులేషన్ టేపు చుట్టండి. ముందు మైనస్, అంటే నల్ల వైరు విప్పాలి, తరవాత ఎర్రది. సెల్స్ మూతలన్నీ గట్టిగా మూసి ఉన్నాయో లేదో చూసి, గ్లాసు వేడినీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి చిలుము మీద కొద్దికొద్దిగా పోయండి. బుసబుసా పొంగి కరిగిపోతుంది. సోడా నీళ్ళు ఒక్క చుక్క కూడా సెల్ లోపలికి పోకూడదు, పోతే లోపలి యాసిడ్ విరిగిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తడి లేకుండా తుడిచి, ఈసారి ఎర్ర వైరు ముందు, నల్లది చివర బిగించండి. చివరి వైరు తగిలించేటప్పుడు చిన్న మెరుపు వస్తుంది, ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు నిండడం వల్ల అది మామూలే. బిగించాక పైన వ్యాజిలిన్ పూయండి. గ్రీజు, నూనె వద్దు.

ఆ రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది. పెద్దమ్మ ఇంట్లో ఫ్యాన్లు ఆగలేదు.

టెర్మినళ్ళు శుభ్రంగానే ఉంటే నీళ్ళ సంగతి. ప్రతి సెల్ మీద చిన్న పుల్లలా తేలే ఫ్లోట్ ఉంటుంది. ఎర్ర గీతకు దిగిందంటే నీళ్ళు పోయాలి. మామూలు రోజుల్లో రెండు మూడు నెలలకోసారి, ఏప్రిల్, మే నెలల్లో నెలకోసారి చూడాలి. పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు సరే, చాలామంది మోసపోయేది ఆర్వో నీళ్ళ దగ్గర. ఆర్వోలో వడకట్టినా కొన్ని లవణాలు మిగులుతాయి. అవి ప్లేట్ల మీద చేరి నెమ్మదిగా చంపుతాయి. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు కూడా వద్దు, కాయిల్ మీది దుమ్ము, లోహం అందులో ఉంటాయి. యాసిడ్ అసలే పోయకూడదు. ఆవిరయ్యేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటుంది.

నీళ్ళు ఎప్పుడు పోయాలన్నది కూడా ముఖ్యం. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ అయ్యాక పోయండి. ఖాళీ బ్యాటరీలో నిండా పోస్తే ఛార్జ్ ఎక్కేటప్పుడు మట్టం పెరిగి యాసిడ్ పైకి పొంగుతుంది. ఆ తడే తరవాత చిలుముగా మారేది. నీళ్ళు బాగా అడుక్కి పోయి ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం, అవి మునిగేంత పోసి, ఛార్జ్ చేసి, ఆ తరవాత మిగతాది పోయండి. చిన్న గరాటు పెట్టి, ఫ్లోట్ ఆకుపచ్చ గీతకు లేవగానే ఆపేయాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా ఆగిపోతోందా? అప్పుడు హైడ్రోమీటర్, అంటే యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం తీయండి. తక్కువ ధరకే దొరుకుతుంది. చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకుని, ఫుల్ ఛార్జ్ అయిన బ్యాటరీలో ఒక్కో సెల్ నుంచి కొద్దిగా యాసిడ్ పీల్చి, లోపల తేలే బుడ్డి మీది అంకె చూడండి. చర్మం మీద పడితే వెంటనే నీళ్ళతో బాగా కడగండి. చాలా ట్యూబులర్ బ్యాటరీల్లో ఫుల్ ఛార్జ్‌కి 1.220 నుంచి 1.250 మధ్య వస్తుంది, మీ బ్యాటరీకి సరిగ్గా ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది. ఆరు సెల్స్‌లో ఐదు 1.240 దగ్గర ఉండి ఒకటి 1.150 దగ్గర ఉంటే ఆ సెల్ పోయింది, దాంతోపాటు బ్యాటరీ కూడా పోయినట్టే. వారంటీ ఉంటే కార్డు తీసుకుని ఆ అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆరూ సమానంగా 1.180 దగ్గరే ఉంటే మాత్రం కంగారు వద్దు, బ్యాటరీకి ఛార్జ్ సరిపోవట్లేదు. 150 ఏహెచ్ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే నిండడానికి పది, పన్నెండు గంటలు పడుతుంది. రోజూ రెండు మూడు విడతలు కరెంటు పోయే ఊళ్ళలో అది ఎప్పటికీ నిండదు. అలా సగం సగం ఛార్జ్‌తో నెలలు గడిస్తే ప్లేట్ల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడుతుంది. ఒకటి రెండు రోజులు లోడ్ వేయకుండా ఛార్జింగ్‌లో వదిలేసి మళ్ళీ కొలవండి. అంకె లేస్తే బతికినట్టే.

హైడ్రోమీటర్ లేకపోతే మల్టీమీటర్. ఛార్జింగ్, లోడ్ రెండూ ఆపి మూడు గంటలు ఆగి కొలవండి. 12.5, 12.7 వోల్టుల మధ్య ఉంటే ఫుల్, 12.2 అంటే సగం, 11.8 అంటే దాదాపు ఖాళీ.

కరెంటు ఉంది, అయినా ఇన్వర్టర్ బ్యాటరీ మీదే నడుస్తోంది

సాయంత్రం పూట పల్లెల్లో, శివారు కాలనీల్లో ఇది ఎక్కువ. అందరూ ఏసీలు వేసే సరికి వోల్టేజి పడిపోతుంది. ఇన్వర్టర్ వెనకో పక్కనో చిన్న మోడ్ స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఉంటే 180 వోల్టుల కన్నా తగ్గగానే కరెంటును వదిలేసి బ్యాటరీకి మారిపోతుంది. వీధి దీపాలు వెలుగుతుంటే మీ బ్యాటరీ మాత్రం ఖాళీ అవుతుంటుంది. స్విచ్ రెండో వైపు పెట్టండి. కంపెనీని బట్టి దానికి ఎకో అనో, నార్మల్ అనో, వైడ్ అనో పేరుంటుంది. అందులో 100 వోల్టుల దాకా తట్టుకుంటుంది.

ఇదే స్విచ్ తిరగబడితే ఇంకో ఫిర్యాదు వస్తుంది: కరెంటు పోగానే కంప్యూటర్, వైఫై రీస్టార్ట్ అవుతున్నాయి. యూపీఎస్ మోడ్‌లో మారడం చాలా వేగం, రెండో మోడ్‌లో కాస్త ఆలస్యం. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్ళు ఉంటే యూపీఎస్ మోడే ఉంచి, వోల్టేజి గురించి కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

వోల్టేజి బాగానే ఉన్నా ఇలా చేస్తుంటే ఇన్వర్టర్ ప్లగ్ వదులైందేమో, వెనకున్న రీసెట్ బటన్ బయటికి వచ్చిందేమో చూడండి.

కరెంటు పోగానే ఓవర్‌లోడ్ లైటు, కుయ్ కుయ్ మోత

ఇస్త్రీ పెట్టె, మిక్సీ, మోటారు, ఫ్రిజ్. వీటిలో ఏదో ఒకటి ఇన్వర్టర్ లైన్లో ఉంది. ఫ్రిజ్ నడిచేటప్పుడు తక్కువే లాగినా కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. అన్నీ ఆపి, రీసెట్ చేసి, ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే దొంగ దొరుకుతుంది.

ఏమీ వేయకపోయినా ఓవర్‌లోడ్ చూపిస్తోందా? కరెంటు లేని సమయంలో గీజర్ లైటో, ఇన్వర్టర్ లేని గదిలో బల్బో వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే ఇన్వర్టర్ లైను మెయిన్ లైనుతో ఎక్కడో కలిసిపోయింది. ఇది ఆషామాషీ విషయం కాదు. ఆ కరెంటు మీ ఇల్లు దాటి వీధి లైన్లోకి ఎదురెక్కితే స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. వెంటనే ఇన్వర్టర్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరు చేసి గోడ సాకెట్లోకి ఇన్వర్టర్ కరెంటు ఎక్కించే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. ఆ వైరు ఈరోజే కత్తిరించి పారేయండి.

ఇన్వర్టర్ వేయించాక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంటే కారణం ఎక్కువగా ఇన్వర్టర్ లైను, మెయిన్ లైను న్యూట్రల్ వైర్లు కలిపేయడమే. ఆర్‌సీసీబీని తీయించేయకండి, న్యూట్రల్ విడిగా వేయించండి.

ఫ్యాను గుయ్యిమంటోంది

పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే (దాని కరెంటు మెయిన్ కరెంటులా నున్నగా ఉండదు) అది దాని స్వభావం, రిపేరు లేదు. మెయిన్ కరెంటు లాంటిదే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద కొత్తగా మోత మొదలైతే మాత్రం చూపించండి.

తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేదు

2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చాలా ప్రాంతాల్లో రోజుల తరబడి కరెంటు రాలేదు. తీర జిల్లాల వాళ్ళు తుఫాను హెచ్చరిక వినగానే నీళ్ళ మట్టం చూసి, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి పెట్టుకోండి. కరెంటు పోయాక టీవీ మాట మరిచిపోండి. రెండు ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జింగ్ మాత్రమే పెట్టుకుని, అవసరం లేనప్పుడు ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపేస్తే రెండు మూడు రాత్రులు వస్తుంది. లోడ్ లేకపోయినా ఇన్వర్టర్ తన కోసం కొంత తింటుంది. ఇల్లు నీట మునిగే చోటైతే బ్యాటరీని నేల మీద ఉంచకండి. ఒక్కొక్కటి యాభై, అరవై కిలోలు ఉంటుంది, వాన మొదలుకాకముందే ఇద్దరు కలిసి ఎత్తుగా బల్ల మీదకు మార్చండి, ఒరగకుండా నిటారుగా. కరెంటు వచ్చిన రోజు లోడ్ తక్కువగా వేసి, బ్యాటరీని పూర్తిగా నిండనివ్వండి.