సీలియాక్ వ్యాధి అని అనుమానమా? గోధుమ మానేసే ముందు ఇది చదవండి

గోధుమ తిన్నప్పుడల్లా కడుపు ఉబ్బుతోందని చెప్పగానే పక్కనున్నవాళ్లు ఇచ్చే సలహా ఒక్కటే, "మానేసి చూడు". మానేస్తే హాయిగానే ఉండొచ్చు. కానీ ఉన్నది సీలియాక్ అయితే, అలా ముందే మానేయడం వల్ల పరీక్షలో అది దొరక్కుండా పోతుంది.

1. ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇది అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమలాంటి ఒక ధాన్యం) గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్లినప్పుడు మన రోగనిరోధక వ్యవస్థే మన చిన్నపేగు మీద పడి దాన్ని దెబ్బతీస్తుంది. ఆ పేగు లోపలి గోడ టర్కీ టవల్‌లా ఉంటుంది, సన్నటి పోగుల్లాంటివి లేచి నిలబడి ఉంటాయి, తిన్నదాంట్లో సారాన్ని పీల్చుకునేది వాటితోనే. దాడి సాగేకొద్దీ అవి అరిగిపోయి గోడ నున్నగా అయిపోతుంది, ఇక ఎంత తిన్నా ఒంటికి పట్టదు. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులు దీనికి మూలం. ఇవి 30 నుంచి 40 శాతం మందిలో ఉంటాయి, జబ్బు వచ్చేది మాత్రం ప్రపంచం మొత్తమ్మీద సుమారు ఒక శాతానికే.

2. కడుపుతో సంబంధం లేని లక్షణాలు కూడా రాసుకోండి

విరేచనాలు, గ్యాస్, బరువు తగ్గడం అందరికీ తెలిసినవే, కొందరికి మలబద్ధకం కూడా ఉంటుంది. డాక్టర్ దగ్గర చెప్పడం మర్చిపోయేవి వేరే ఉంటాయి: తగ్గని నీరసం, మాటిమాటికీ నోటిపూత, చేతులూ కాళ్లూ తిమ్మిర్లు, మోచేతుల మీదా మోకాళ్ల మీదా విపరీతంగా దురద పెట్టే చిన్న పొక్కులు. పిల్లల్లో అయితే ఎత్తు పెరగకపోవడం. అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది రక్తహీనత గురించి. ఐరన్ ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగమే, ఈ జబ్బు ముందుగా దెబ్బకొట్టేదీ అక్కడే, అందుకే నెలల తరబడి మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగదు. అలా ఉంటే సీలియాక్ పరీక్ష సంగతి మీరే అడగండి.

3. పరీక్ష అయ్యేదాకా గోధుమ తింటూనే ఉండండి

రక్తపరీక్ష వెతికేది దాడి తాలూకు యాంటీబాడీల్ని. గ్లూటెన్ ఆపేస్తే అవి తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. ఇప్పటికే మానేసి ఉంటే డాక్టర్‌కి ఆ సంగతి చెప్పండి, మళ్లీ కొన్ని వారాలు తినమనొచ్చు. చిరాకే, కానీ తప్పదు.

4. ఏ పరీక్షలో తెలుసుకుని వెళ్లండి

మొదట టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, దాంతోపాటు టోటల్ ఐజీఏ. ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ, కొందరి ఒంట్లో అదే తక్కువ, వాళ్లకి జబ్బున్నా మొదటి పరీక్ష ఏమీ లేదనే చెప్పేస్తుంది. పాజిటివ్ వస్తే పెద్దవాళ్లకి సాధారణంగా ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు.

5. ఖాయమైతే జీవితాంతం గ్లూటెన్ బంద్

మందు లేదు, పథ్యమే మందు. "ఎప్పుడో ఒకసారి కొంచెం" కూడా కుదరదు. లేబుల్ మీద గోధుమ అని లేకపోయినా మాల్ట్ అని ఉంటే అది చాలావరకు బార్లీయే. మామూలు సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది. గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్డే కొన్నా, ఇంట్లో అందరూ వాడే టోస్టర్‌లో పెడితే అడుగున పడి ఉన్న పాత పొడి దానికి అంటుకుంటుంది, కాబట్టి మీకో టోస్టర్ విడిగా ఉంచుకోండి.

లక్షణాలు పెద్దగా లేవని వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి, కొందరిలో గర్భం నిలవడం కష్టమవుతుంది, అరుదుగా పేగులో లింఫోమా అనే క్యాన్సర్ కూడా రావచ్చు. మీకు ఉందని తేలితే అమ్మానాన్నలకీ, తోబుట్టువులకీ, పిల్లలకీ ఏ ఇబ్బందీ లేకపోయినా రక్తపరీక్ష చేయించండి, వాళ్లు కూడా అప్పటిదాకా గోధుమ మానకుండా చూడండి.