స్టార్టప్‌కి బిల్డింగ్ కంటే ముందు కొనేవాణ్ణి చూడండి

పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకీ, వాటికి ఏదైనా యంత్రం చేసిపెడదామనుకునే కుర్రాళ్లకీ మధ్య తిరగడమే నా పని. శ్రీకాకుళంలో స్టార్టప్‌లకి ఊతమిద్దామని వచ్చే కాలేజీలవాళ్లు, వ్యాపార సంఘాలవాళ్లు, అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు మొదట అడిగేది బిల్డింగ్ ఎక్కడ కడదామని. అది తర్వాత చూసుకోవచ్చు. కుర్రాళ్లు చేసిన వస్తువుని డబ్బిచ్చి కొనే మొదటి మనిషిని ముందు సిద్ధం చేయండి.

అందుకు కుర్రాళ్లు పని జరిగే చోట కూర్చోవాలి. ఫొటోలు తీసుకుని వచ్చేయడం కాదు, కనీసం వారం రోజులు, పొద్దున షిఫ్టు మొదలైన దగ్గర్నుంచి సాయంత్రం దాకా. జీడిపిక్కలు కోసే ఆడవాళ్ల పక్కన కూర్చుంటే, పెంకులోంచి కారే నూనె చర్మాన్ని ఎలా కాల్చేస్తుందో కళ్లారా తెలుస్తుంది. కత్తి కాస్త లోతుగా దిగిందంటే గుండు, అంటే విరగని నిండు పప్పు, బద్దవుతుంది, ధర పడిపోతుంది. ఒక బృందం కోత యంత్రం పట్టుకొస్తే ఒకావిడ దాన్ని తిప్పి చూసి అంది: "పదును బాగానే ఉంది బాబూ. పెద్ద పిక్కొకటి, సిన్న పిక్కొకటి వస్తే దీనికేటి తెలుస్తాది?" దాంతో వాళ్లు కత్తి పక్కనపెట్టి, పిక్కల్ని సైజువారీగా వేరుచేసే పని ముందు పట్టుకున్నారు. అలాంటి సలహా ఇచ్చిన మనిషికి ఆ పూట కూలి లెక్కగట్టి ఇవ్వండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట.

విజయనగరంలో అయితే జనపనార మిల్లుకి వెళ్లండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో అయితే వీణ చెక్కే పనివాళ్ల దగ్గరికి వెళ్లండి. పద్ధతి ఒకటే.

ఇక ఫ్యాక్టరీ యజమాని. ఆయన పరీక్షకి పిక్కలెందుకిస్తాడు? పప్పు విరిగితే నష్టం ఆయనదే కదా. అందుకని దాతలిచ్చిన డబ్బులో కొంత తీసి, పరీక్షలో పాడైన సరుకుకి పరిహారంగా ఉంచండి. ఎన్ని పిక్కలు, ఏ రోజు, విరిగితే ఎవరు భరించాలి, యంత్రం పనిచేస్తే ఎంతకి కొంటాడు: ఇవన్నీ కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించండి. ఇలా ఖర్చయ్యే డబ్బు ఏ ఏసీ హాలు కన్నా కుర్రాళ్లకి ఎక్కువ మేలు చేస్తుంది.

పనిముట్ల కోసం కొత్త ల్యాబ్ అక్కర్లేదు. ఊళ్లో లేత్, వెల్డింగ్ షాపులున్నాయి. ఖాళీగా ఉండే వేళల్లో గంటకింతని మాట్లాడుకోండి. విరిగిన భాగం సాయంత్రానికల్లా మళ్లీ చేతికొస్తే కుర్రాళ్ల ఊపు తగ్గదు.

అమ్మాక డబ్బు రాకపోవడం పెద్ద ప్రమాదం. మంచి యంత్రం చేసి కూడా బకాయిల వల్ల మూతబడ్డవాళ్లని చూశాను. మొదటి బిల్లు రాసేలోపే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించండి. అది ఉచితం, మధ్యవర్తికి రూపాయి ఇవ్వక్కర్లేదు. అప్పుడు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం అండగా ఉంటుంది: ఒప్పందంలో ఏం రాసుకున్నా సరుకు అందుకున్నాక 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయడం మరిచిపోవద్దు.

ఇంట్లోవాళ్ల సంగతీ చూడాలి. హైదరాబాద్ నుంచి ఉద్యోగం ఫోనొస్తే అమ్మానాన్నలు వెళ్లమంటారు, అది న్యాయమే. మీ ఊరి బడికి ముఖద్వారం కట్టిద్దామనుకుంటున్న పెద్దలారా, ఆ డబ్బుతో ఇద్దరు కుర్రాళ్లకి ఏడాదిపాటు నెలనెలా ఇంటిఖర్చు ఇవ్వండి. ముందే వాళ్లింటికి వెళ్లి, ఏడాది తర్వాత ఏం చేస్తారో తల్లిదండ్రుల ఎదుటే మాట్లాడుకోండి.