దౌత్యవేత్త జీవితచరిత్రను ఎలా రాయాలి: చెక్ నాయకుడు యిర్జీ హాయెక్ ఉదాహరణగా

విదేశీ రాజకీయ నాయకుడి గురించి వ్యాసం రాయాలనుకున్నప్పుడు మనలో చాలామంది పుట్టిన తేదీతో మొదలుపెట్టి, పదవులను వరుసగా పేర్చి, మరణించిన తేదీతో ముగిస్తాం. న్యాయశాస్త్రం చదివి, మంత్రిగా, రాయబారిగా పనిచేసిన చెక్ నాయకుడు యిర్జీ హాయెక్ విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. 1948లో తన సోషల్ డెమోక్రాటిక్ పార్టీని కమ్యూనిస్టు పార్టీలో విలీనం చేయడాన్ని సమర్థించినవారు, 1968లో సోవియట్ సైన్యాల దురాక్రమణపై భద్రతా మండలిలో నిరసన తెలిపినవారు, 1977లో ఏ పదవీ లేకుండా, పౌరహక్కులను గౌరవించాలని ప్రభుత్వాన్ని అడిగిన చార్టర్ 77 ఉద్యమానికి ప్రతినిధిగా నిలిచినవారు ఒక్కరే. పదవుల పట్టిక ఈ మూడింటినీ పక్కపక్కన పెడుతుందే గాని కలపలేదు. అందుచేత ప్రతి దశలోనూ ఒకే ప్రశ్న వేసుకుంటూ రాయమని నా సలహా: ఆ రోజున ఆయన ఎవరి పేరిట మాట్లాడారు, ఆ మాటకు అధికారం ఇచ్చిన పత్రం ఏది?

ముందుగా వ్యక్తిని సరిగ్గా గుర్తించండి. తెలుగు లిపిలో ఈ పేరు రాయగానే ఆస్ట్రియాలో పుట్టిన ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హాయెక్ గుర్తుకు వస్తారు. ఆయనకు, ఈయనకు సంబంధం లేదు. అంతకన్నా ప్రమాదకరమైన గందరగోళం మరొకటి ఉంది. యిర్జీ హాయెక్ అన్న పేరుతోనే అదే కాలంలో ఒక సాహిత్య విమర్శకుడు కూడా ఉన్నారు. 1919లో పుట్టిన ఆ విమర్శకుడు 1968 తరువాత కొత్త పాలన పక్షాన నిలిచి ‘త్వోర్బా’ పత్రికకు సంపాదకత్వం వహించారు. మన హాయెక్ 1913 జూన్ 6న, నేటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న మధ్య బొహీమియాలోని క్ర్‌హానిట్సెలో పుట్టారు. కాబట్టి ఏ ఆధారం చేతికి వచ్చినా పేరు పక్కన పుట్టిన సంవత్సరం ఉందో లేదో చూసుకోవాలి. ఆయన అసలు పేరు కార్పెలెస్ అని, ఆయన నాజీల రహస్య పోలీసు విభాగమైన గెస్టపోకు సహకరించారని సోవియట్ పత్రిక ‘ఇజ్వెస్తియా’ 1968 సెప్టెంబరులో రాసింది. ఆ రెండు మాటలూ అబద్ధమే. ఆయన 1939లో అరెస్టయి యుద్ధం ముగిసేవరకు నాజీల చెరలో ఉన్న మనిషి. ఈ ఆరోపణను ప్రస్తావించక తప్పనిచోట, అది అబద్ధమన్న మాట కూడా అదే వాక్యంలో ఉండాలి. తరువాతి పేరాకు వాయిదా వేస్తే పాఠకుడి మనసులో ఆరోపణే మిగిలిపోతుంది.

దేశం పేరు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. హాయెక్ పుట్టినప్పుడు బొహీమియా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం. చెకొస్లొవేకియా 1918లో ఏర్పడింది. 1939 మార్చిలో చెక్ ప్రాంతం నాజీ రక్షితరాజ్యం అయింది. 1960లో దేశం పేరులో ‘సోషలిస్టు’ అన్న మాట చేరింది. 1969 జనవరి 1న సమాఖ్యగా మారింది. 1993 జనవరి 1న రెండు దేశాలుగా విడిపోయింది. కనుక ఆయనను ‘చెక్ నాయకుడు’ అనవచ్చు గాని, ‘చెక్ రిపబ్లిక్ విదేశాంగ మంత్రి’ అని రాస్తే తప్పవుతుంది.

చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆయన న్యాయశాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు. ఆ పట్టాను బట్టి కోర్టుల్లో వాదించిన వకీలుగా చిత్రించకండి. ఆయన న్యాయశాస్త్ర పరిజ్ఞానం అంతర్జాతీయ ఒప్పందాల మీద, ఐక్యరాజ్యసమితి నిబంధనల మీద పనిచేసింది. 1948 తరువాతి సంవత్సరాలను దాచిపెట్టడం కూడా సరికాదు. అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు చెకొస్లొవేకియా స్థాపనలో ఉన్న పాత్రను తగ్గించి చూపే పుస్తకాన్ని ఆయన 1953లో పార్టీ వైఖరికి అనుగుణంగా వెలువరించారు. ఆ దశలో ఆయన పార్టీ పేరిట మాట్లాడారు, ఆ మాటను నమ్మి మాట్లాడారు. తరువాతి ధైర్యాన్ని చూసి ముందటి కాలాన్ని కడిగేయడం, ముందటి కాలాన్ని చూసి తరువాతి ధైర్యాన్ని శంకించడం, రెండూ జీవితచరిత్రకారుడు చేయకూడని పనులే.

దౌత్య పదవులను క్లుప్తంగా చెప్పి ముందుకు సాగవచ్చు. 1955 నుంచి 1958 వరకు లండన్‌లో రాయబారి, ఆ తరువాత విదేశాంగ ఉపమంత్రి, 1962 నుంచి 1965 వరకు ఐక్యరాజ్యసమితిలో శాశ్వత ప్రతినిధి, అనంతరం విద్యామంత్రి, 1968 ఏప్రిల్‌లో విదేశాంగ మంత్రి. ఇందులో ఒక్క వివరం మాత్రం వదలవద్దు: 1964లో చెకొస్లొవేకియా భద్రతా మండలి సభ్యదేశం. అంటే నాలుగేళ్ల తరువాత ఆయన అడుగుపెట్టిన ఆ గది, అక్కడి పద్ధతులు ఆయనకు కొత్తవి కావు.

వ్యాసంలో ఎక్కువ స్థలం 1968 ఆగస్టుకు ఇవ్వండి. ఇక్కడ కథనం మొదలుపెట్టే ముందు ఒక కాగితంపై రోజువారీ పట్టిక వేసుకోవాలి; ఎందుకంటే ప్రాగ్, మాస్కో, న్యూయార్క్ నగరాల్లో ఒకేసారి జరిగిన సంఘటనలు ఒకదానినొకటి మార్చేశాయి. ఆ ఏడాది ప్రాగ్‌లో మొదలైన సంస్కరణలను అణచడానికి ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, పోలండ్, హంగరీ, బల్గేరియా సైన్యాలు దేశంలోకి ప్రవేశించాయి. పార్టీ నాయకుడు అలెగ్జాండర్ దుబ్చెక్, ప్రధాని ఒల్ద్రిఖ్ చెర్నిక్‌లను పట్టుకుని సోవియట్ యూనియన్‌కు తరలించారు. సెలవులో ఉన్న హాయెక్ ఆ సమయానికి యుగోస్లావియాలో ఉన్నారు కనుక వారి చేతికి చిక్కలేదు. అక్కడి నుంచి వియన్నా మీదుగా న్యూయార్క్ చేరి, ఆగస్టు 24న భద్రతా మండలిలో ప్రసంగించారు. అధ్యక్షుడు లుద్విక్ స్వొబొదా అప్పటికే చర్చల కోసం మాస్కో వెళ్లి ఉన్నారు. ఆగస్టు 26న అక్కడ కుదిరిన ఒప్పందంలో, చెకొస్లొవేకియా అంశాన్ని భద్రతా మండలి పరిశీలన నుంచి తప్పించాలన్న షరతు ఉంది. మరుసటి రోజే చెకొస్లొవేకియా ప్రతినిధివర్గం ఆ మేరకు లేఖ ఇచ్చింది. సెప్టెంబరు 19న హాయెక్ మంత్రి పదవి నుంచి తప్పుకున్నారు.

ఈ పట్టిక ముందుంటే మన ప్రశ్న ఎంత పదునైనదో తెలుస్తుంది. ప్రధాని నిర్బంధంలో, అధ్యక్షుడు మాస్కోలో ఉండగా, విదేశాంగ మంత్రి ఎవరి పేరిట మాట్లాడుతున్నట్టు? దేశ నాయకులే సహాయం కోరారని సోవియట్ పక్షం వాదించింది. రాజ్యాంగబద్ధమైన ప్రభుత్వం అలాంటి కోరిక ఏదీ చేయలేదని, ఈ ఆక్రమణకు సమర్థన లేదని చెప్పడమే హాయెక్ ప్రసంగానికి వెన్నెముక. ఆయన సోషలిజాన్ని విడిచిపెట్టి మాట్లాడలేదు. ఆ ప్రసంగాన్ని చదివేటప్పుడు పక్కన రెండు పత్రాలు పెట్టుకోండి. ఒకటి, బలప్రయోగాన్ని నిషేధించే ఐక్యరాజ్యసమితి చార్టర్ 2వ అధికరణంలోని 4వ క్లాజు. రెండోది, సోవియట్ యూనియన్, దాని మిత్రదేశాల సైనిక కూటమికి ఆధారమైన 1955 నాటి వార్సా ఒప్పందంలో సభ్యదేశాల స్వాతంత్ర్యం, సార్వభౌమత్వం, అంతర్గత వ్యవహారాల్లో జోక్యరాహిత్యం గురించి చెప్పే 8వ అధికరణం. దాడి చేసిన దేశాలు సంతకం పెట్టిన కాగితాలే ఆ దాడిని తప్పుపడుతున్నాయని అప్పుడు స్పష్టమవుతుంది.

తెలుగు పాఠకుల కోసం రాస్తున్నప్పుడు ఇక్కడ భారతదేశం పాత్రను చెప్పకుండా దాటవేయకూడదు. అప్పుడు భారత్ భద్రతా మండలిలో సభ్యదేశం. దురాక్రమణను ఖండించే తీర్మానానికి అనుకూలంగా 10 ఓట్లు, వ్యతిరేకంగా 2 ఓట్లు పడ్డాయి. భారత్, పాకిస్తాన్, అల్జీరియా ఓటింగుకు దూరంగా ఉన్నాయి. సోవియట్ వీటోతో తీర్మానం వీగిపోయింది. మన ప్రభుత్వ వైఖరికి నిరసనగా అశోక్ మెహతా ఇందిరాగాంధీ మంత్రివర్గం నుంచి రాజీనామా చేశారు. ఈ భాగం కోసం ఆనాటి లోక్‌సభ చర్చల ప్రతులను తప్పక చదవాలి.

1970లో పార్టీ నుంచి బహిష్కృతుడైన తరువాతి కాలాన్ని ‘విశ్రాంత జీవితం’ అన్నట్టు రెండు ముక్కల్లో ముగించే వ్యాసాలు అసలు విషయాన్ని జారవిడుస్తాయి. ఇక్కడ ఒక చట్టపత్రం ప్రయాణాన్ని వెంబడించండి. పౌర, రాజకీయ హక్కుల గురించి ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల గురించి ఒకటి, రెండు అంతర్జాతీయ ఒడంబడికలను ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించింది. చెకొస్లొవేకియా వాటిపై 1968 అక్టోబరులో సంతకం చేసింది. 1976 మార్చి 23న అవి ఆ దేశంలో అమలులోకి వచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 13న మన గెజిట్ లాంటి అధికారిక చట్టాల సంపుటిలో 120వ సంఖ్యతో అచ్చయ్యాయి. 1977 జనవరి 1 తేదీతో వెలువడిన చార్టర్ 77 ప్రకటన మొదటి వాక్యం ఆ ప్రచురణ గురించే. భావప్రకటనా స్వేచ్ఛ, పిల్లల చదువు హక్కు ఆచరణలో ఎలా కాలరాయబడుతున్నాయో ఆ ప్రకటన ఒడంబడికల అధికరణాలను పేర్కొంటూ చెబుతుంది.

దాని తొలి ముగ్గురు ప్రతినిధులు తత్త్వవేత్త యాన్ పతొచ్క, నాటకకర్త వాత్స్లావ్ హావెల్, మాజీ మంత్రి హాయెక్. జనవరిలోనే హావెల్‌ను అరెస్టు చేశారు. వరుస విచారణల తరువాత పతొచ్క మార్చి 13న కన్నుమూశారు. హావెల్ మే నెలలో విడుదలయ్యేవరకు ఆ బాధ్యత హాయెక్ ఒక్కరి భుజాల మీద ఉంది. ఈ కొన్ని వారాలను నేను ఆయన జీవితంలో 1968 ఆగస్టుతో సమానంగా చూస్తాను. అప్పుడు ఆయన వెనుక రాజ్యం పేరైనా ఉంది; ఇప్పుడు ఉన్నది రాజ్యమే అచ్చు వేసిన చట్టం మాత్రమే.

ఆధారాల దగ్గర ఒక హెచ్చరిక. ప్రాగ్‌లోని భద్రతా సేవల అభిలేఖాగారంలో రహస్య పోలీసుల ఫైళ్లు దొరుకుతాయి. తేదీల కోసం, ఎవరిపై ఎప్పుడు నిఘా పెట్టారో తెలుసుకోవడం కోసం అవి ఉపయోగపడతాయి. కాని ఒక మనిషిని లొంగదీయాలన్న ఉద్దేశంతో రాసిన వాక్యాలను ఆ మనిషి స్వభావానికి సాక్ష్యంగా స్వీకరించకూడదు. చార్టర్ 77 వారి సొంత పత్రాలు, రహస్యంగా టైపు చేసి పంచుకున్న ప్రచురణలు ప్రాగ్‌లోని ‘లిబ్రి ప్రొహిబితి’ గ్రంథాలయంలో ఉన్నాయి. భద్రతా మండలి సమావేశాల పూర్తి పాఠాలు ఐక్యరాజ్యసమితి డిజిటల్ గ్రంథాలయంలో ఇంగ్లీషులో దొరుకుతాయి. చెక్ భాష రానివారు ఈ సమావేశాల పాఠాలతోనే పని మొదలుపెట్టవచ్చు.

చివరి సంవత్సరాలను రాసేటప్పుడు 1988లో మానవహక్కుల అమలును గమనించే చెకొస్లొవేకియా హెల్సింకి కమిటీ ఏర్పాటులో ఆయన పాత్రను పేర్కొనండి. కమ్యూనిస్టు పాలన కూలడానికి ఏడాది ముందే, 75 ఏళ్ల వయసులో, అదే ఒప్పందాల పని కొనసాగిస్తున్నారని దానివల్ల తెలుస్తుంది. ఆయన 1993 అక్టోబరు 22న ప్రాగ్‌లో మరణించారు. మరణస్థలం దగ్గర మాత్రం దేశం పేరు చెక్ రిపబ్లిక్ అనే రాయాలి.