తప్పు కెమెరాది కాకపోవచ్చు: సీమలో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ల తంటాలు, మందులు

పెళ్లిళ్లు షూట్ చేసుకుంటూ సందు దొరికినప్పుడల్లా షార్ట్ ఫిల్ములు తీసే మాబోటివాళ్లలో తరచూ వినపడే మాట ఒకటుంది: "అన్నా, ఈ కెమెరా పనికిరాదన్నా, మార్చాల." ఫుటేజ్ తెప్పించుకుని చూస్తే తప్పు చాలాసార్లు గాలిదో, నేలబండలదో, ట్యూబ్‌లైటుదో అయ్యుంటుంది. అప్పు చేసి కొత్త కెమెరా బాడీ కొన్నాక కూడా అదే చార, అదే చప్పుడు. అందుకని కొనబోయే ముందు చూసుకోవాల్సినవి రాస్తున్నా. కడప, కర్నూలు, అనంతపురం వైపు మాకు ఎక్కువగా ఎదురయ్యేవే ఇవి.

బయట తీసిన డైలాగు మీద బడబడమని చప్పుడు

గండికోటలో పెన్నా లోయ అంచున హీరోను నిలబెట్టి డైలాగు చెప్పించని షార్ట్ ఫిల్ము మా వైపు తక్కువ. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే డైలాగు ఉండదు, తడి దుప్పటి జాడించినట్టు చప్పుడుంటుంది. అది చెవికి వినపడే గాలి హోరు కాదు. మైకు లోపలి పల్చటి పొరను గాలి నేరుగా నెడుతోంది. ఆ నెట్టుడుకు సిగ్నలు తట్టుకోగలిగిన హద్దు దాటి తెగిపోతుంది.

ముందు ఎడిటింగ్‌లో వేవ్‌ఫామ్ (శబ్దాన్ని అలల గీతగా చూపించే బొమ్మ) పెద్దది చేసి చూడండి. కొనలు కొడవలితో కోసినట్టు సమంగా ఉంటే క్లిప్ అయింది, అంటే హద్దు దాటి తెగింది, మళ్లీ రికార్డు చేయాల్సిందే, ఏ ప్లగిన్ పెట్టినా గొంతు మొత్తంగా తిరిగి రాదు. కొనలు బాగానే ఉండి అడుగున ఊగుడు మాత్రమే ఉంటే 80 నుంచి 100 హెర్ట్జ్ కింద లో కట్ (అంతకంటే లోతైన శబ్దాల్ని కోసేసే ఫిల్టరు) వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మైకుతోపాటు వచ్చే నల్ల స్పాంజి నోటి ఊపిరిని ఆపుతుంది, అంతే. కొండ గాలికి బొచ్చు తొడుగు కావాలి. ఆ పోగులు గాలి వేగాన్ని మైకు దాకా రాకముందే విరిచేస్తాయి. కాలర్ మైకుకు తొడుగు లేకపోతే చొక్కా లోపల, ఛాతీ మధ్య ఎముక మీద మెడికల్ టేపుతో అంటించండి. నూలు చొక్కానే వేయించండి, పాలిస్టర్ అయితే ఒరుసుకుని ఇంకో గరగర మొదలవుతుంది.

వీటన్నిటికంటే పనిచేసేది చోటు మార్చడం. లోయను వైడ్‌లో ఒకసారి చూపించి, డైలాగు క్లోజప్పులు కోటగోడ చాటున తీయండి. ముఖం వెనక ఏ రాయి ఉందో ఎవరూ పట్టించుకోరు. షాట్ అవ్వగానే నటుణ్ణి కారులో కూర్చోబెట్టి, అద్దాలెత్తి, ఏసీ ఆపి, అవే డైలాగులు మూడుసార్లు చెప్పించి దాచుకోండి. గొంతులో ఎండా ఆయాసమూ అప్పటికింకా ఉంటాయి. వారం తర్వాత డబ్బింగ్‌లో అది తెప్పించడం మహా కష్టం.

అన్నట్టు, గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ట్రైపాడ్లు, లైట్లు దించే ముందు అనుమతి తీసుకోండి. సగం షూటింగులో లేచిపోవాల్సొస్తే దానికి ఏ టెక్నిక్కూ లేదు.

ఇంట్లో తీస్తే బావిలోంచి మాట్లాడినట్టు ఉంది

నేల కడప బండలు, గోడలు సిమెంటు, పైన స్లాబు. గొంతు ఈ నున్నటి తలాల మధ్య బంతిలా కొట్టుకుంటూ తిరుగుతుంది. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్ట కొట్టండి. "టప్" అని ఆగితే ఆ గదిలో తీయొచ్చు. "టప్‌ర్‌ర్‌ర్" అని తోక వినిపిస్తే డైలాగుకూ అదే తోక పడుతుంది.

దీనికి మొదటి మందు దగ్గరితనం. మైకును నాలుగడుగుల నుంచి రెండడుగులకు తెస్తే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది తిప్పికొట్టేది మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అందుకే కెమెరా నెత్తిన పెట్టిన ఖరీదైన షాట్‌గన్ మైకు కంటే, పెయింటర్లు రోలరుకు తగిలించే పొడుగు కర్రకు కట్టి ఫ్రేముకు జానెడు పైన వేలాడదీసిన మామూలు మైకు నయం. ఆ కర్ర (బూమ్) పట్టుకున్నవాడి చేతులు నొప్పి పుడతాయి, మధ్యమధ్యలో మనిషిని మార్చండి.

రెండో మందు బొంతలు. కిందటి ఎండాకాలం జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో తీస్తుంటే ఆ ఇంటి అవ్వ ట్రంకు పెట్టెలోంచి నాలుగు బొంతలు తీసిచ్చింది. రెండు కెమెరాకు కనపడనంత మేర నేలమీద పరిచాం. మూడోది కెమెరా వెనక నులకమంచం నిలబెట్టి దానిమీద వేశాం. నాలుగోది కిటికీకి కట్టాం. మళ్లీ చప్పట్ట కొడితే తోక తెగింది. అప్పటిదాకా ఆ గోలలో కలిసిపోయిన ఇంకో శబ్దం బయటపడింది: గుర్ర్‌మని ఫ్రిజ్.

"ఆపుతామవ్వా" అంటే ఒప్పుకోలేదు. "ఆపి మర్చిపోతారబ్బీ మీరు. పాలు ఇరిగిపోతే కాఫీ ఎవరు పోస్తారు మీకు?" మా సౌండ్ చూసే పిల్లోడు మాట్లాడకుండా తన బైకు తాళం తీసి ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టి స్విచ్ ఆపాడు. "ఇది తీసుకోకుండా నేను ఊరికి పోలేను కదవ్వా." సాయంత్రం తాళానికి వెళ్లినవాడు స్విచ్ వేసే వచ్చాడు. అప్పటినుంచి ఏ ఇంట్లో తీసినా ఇదే మా పద్ధతి.

ఫ్యాను టేకుకు ముందు ఆపి, కట్ చెప్పగానే వేయండి. ప్రతి గదిలో అందర్నీ ఊరకుండమని అర నిమిషం ఉత్త గదిని రికార్డు చేసి పెట్టుకోండి, ఎడిటింగ్‌లో కోతల మధ్య అతుకులకు పనికొస్తుంది. గోడలకు గుడ్ల అట్టలు కొట్టుకునేవాళ్లున్నారు. శ్రమ దండగ, ఆ అట్టకు గొంతును మింగేంత మందం లేదు.

ట్యూబ్‌లైటు కింద చిత్రంలో చారలు పాకుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే దీపం సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. షటర్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ ఉంటే ప్రతి ఫ్రేముకూ నిండు చుట్లే అందుతాయి, చార రాదు. 1/60 పెడితే ఒక ఫ్రేముకు ఎక్కువ, ఒక ఫ్రేముకు తక్కువ. కెమెరా మెనూలో 60 హెర్ట్జ్ లేదా ఎన్‌టిఎస్‌సి అని ఉంటే 50 హెర్ట్జ్ లేదా పాల్‌కు మార్చండి. ఫోనులో అయితే షటర్ లాక్ చేయనిచ్చే యాప్ పెట్టుకోండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా ఉచితంగానే దొరుకుతుంది.

సెకనుకు 120 ఫ్రేముల స్లో మోషన్‌లో ఇది కుదరదు. ఒక్కో ఫ్రేముకు 1/120 కంటే ఎక్కువసేపు షటర్ తెరిచి ఉంచలేం కదా. ఆ షాట్ కిటికీ వెలుగులో తీసుకోండి. డిమ్మర్ ఉన్న ఎల్‌ఈడీ స్ట్రిప్పులది వేరే లెక్క, వాటి మినుకు కరెంటును బట్టి ఉండదు. షటర్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ చార ఆగేచోట నిలపడమే.

పగటి షాట్లలో నడక గిలగిలా కొట్టుకుంటోంది, ఆకాశం తెల్లగా మాడిపోయింది

రెండింటికీ మూలం ఒకటే: ఎక్కువైన వెలుగు. నడక సంగతైతే, ఆ వెలుగుకు కెమెరా షటర్‌ను 1/2000 దాకా తీసుకుపోయింది. ప్రతి ఫ్రేమూ రాయిలా గడ్డకట్టింది, కదలికలో ఉండాల్సిన పల్చటి మసక పోయింది. సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే షటర్ 1/50 దగ్గర ఉంటే కంటికి సహజంగా ఉంటుంది.

లెక్క చూద్దాం. నడినెత్తి ఎండలో ఐఎస్ఓ (సెన్సార్ వెలుగును పట్టే గుణం) 100, షటర్ 1/100 అయితే లెన్సు రంధ్రం ఎఫ్ 16 (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) సరిపోతుందన్నది పాత ఫొటోగ్రాఫర్ల సూత్రం. షటర్ 1/50 చేస్తే ఎఫ్ 22. మీకు వెనక కొండ మసకబారాలని ఎఫ్ 2.8 కావాలి. 22, 16, 11, 8, 5.6, 4, 2.8: ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకు వెలుగు రెట్టింపు. ఆరు మెట్ల వెలుగు తగ్గించే ఫిల్టరు ఎన్‌డి 64. ఎన్‌డి 8 కొని "అన్నా, చాల్లేదు" అనేవాళ్లకు కారణం ఇదే, అది మూడు మెట్లే తగ్గిస్తుంది. తిప్పే రకం వేరియబుల్ ఎన్‌డి సౌకర్యమే గానీ, వైడ్ లెన్సు మీద చివరిదాకా తిప్పితే ఫ్రేములో ఎక్స్ ఆకారంలో నల్లటి నీడ పడుతుంది. అది లెన్సు లోపం కాదు, కొంచెం వెనక్కి తిప్పండి.

ఇక ముఖం. పన్నెండింటికి కళ్ల గుంటల్లో నీడ పడి మనిషి పుర్రెలా కనిపిస్తాడు. వేపచెట్టు నీడ అంచున, నీడలోపలే నిలబెట్టి, ఎండ పడ్డ నేలవైపు ముఖం తిప్పించండి. ఆ నేలే రిఫ్లెక్టరు. చెట్టు లేకపోతే నెత్తిమీద నాలుగు కర్రలకు తెల్ల పంచె కట్టి, కింద నుంచి థర్మాకోల్ షీటు పట్టండి. పంచె కొత్తదై ఉండాలి. నలిగిన పాత పంచె పసుపు దించుతుంది, అప్పుడు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగు సర్దడం) పంచె కిందే మళ్లీ చేసుకోవాలి. అసలు పదకొండు నుంచి మూడు దాకా ఇంటి లోపలి సీన్లు పెట్టుకుంటే ఈ బాధ సగం లేదు.

పెదవులొకటి, మాట ఒకటి

క్లాప్ పలక కొట్టిన చోట బొమ్మనూ శబ్దాన్నీ కలిపి, ఆ షాట్ చివరికి వెళ్లి చూడండి. తేడా మొదట్లో ఎంతో చివరా అంతే ఉంటే దూరం సంగతి. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది. నటుడికి 34 మీటర్ల దూరంలో జూమ్ లెన్సుతో నిలబడి, కెమెరా మైకు శబ్దంతో కాలర్ మైకును కలిపితే రెండున్నర ఫ్రేములు తప్పుతుంది. చప్పుడుతో కాక, క్లాప్ పలక మూసుకున్న ఫ్రేముతో కలపండి.

తేడా పోనుపోను పెరుగుతుంటే ఫోను ఫుటేజ్ అయ్యుంటుంది. వెలుగును బట్టి ఫోను ఫ్రేమ్ రేటును తనంతట తానే మారుస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకున్నాకే టైమ్‌లైన్ మీదికి తెండి. రికార్డరును 48 కిలోహెర్ట్జ్‌లో ఉంచండి. అర్ధగంట టేకుల్లో ఏ రెండు పరికరాల గడియారాలైనా కాస్త దూరమవుతాయి, మధ్యలో కోసి జరపండి.

కెమెరా వేడెక్కి ఆగిపోతోంది

మేలో కర్నూలులో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, పైన 4కె రికార్డింగు. గొడుగు ముందు కెమెరాకు పట్టండి, తర్వాత డైరెక్టరుకు. స్క్రీన్‌ను బాడీకి దూరంగా తెరిచి ఉంచండి, రిహార్సల్ రికార్డు చేయకండి. ఫోనైతే కవరు తీసి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఐస్‌బాక్స్‌లో మాత్రం పెట్టొద్దు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది.

ఆకాశంలో నల్ల చుక్క

ఎఫ్ 16లో ఆకాశాన్ని తీయండి. లెన్సు మార్చినా చుక్క అక్కడే ఉంటే సెన్సార్ మీద దుమ్ము. బేతంచెర్ల వైపు బండల పాలిష్ యూనిట్ల దగ్గర లెన్సు మార్చితే ఇది ఖాయం. రబ్బరు బ్లోయరుతో, కెమెరాను కిందికి వంచి ఊదండి. నోటితో ఊదితే దుమ్ముకు తుంపర కూడా తోడవుతుంది.

బెలుం గుహల్లో అంతా మంచు కప్పినట్టు వచ్చింది

బెలుం ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. లోపల ఉక్క, చెమ్మ. ఏసీ కారులోంచి దింపిన చల్లటి లెన్సును అందులోకి తీసుకుపోతే గాలిలోని తేమ గాజు మీద పేరుకుంటుంది, చల్లటి చెంబుకు పట్టినట్టే. తుడిస్తే మళ్లీ పడుతుంది, పైగా గుడ్డ పోగులంటుకుంటాయి. దారిలోనే ఏసీ ఆపి, అద్దాలు దించుకుని వెళ్లండి. దిగాక బ్యాగు జిప్పు తీయకుండా అరగంట గుహ వాకిట్లో ఉంచి, లెన్సు బయటి వేడికి వచ్చాకే లోపలికి దిగండి. ఈలోపు మీరు మెట్ల దగ్గర చప్పట్ట కొట్టి చూసుకోవచ్చు, లోపల ఆ తోక ఎంత పొడుగుంటుందో.