రక్షిత కట్టడం పక్కన రోడ్డు వెడల్పు: ఎన్‌ఓసీకి దరఖాస్తు విధానం

రోడ్డు వెడల్పు అనగానే ముందు మార్కింగ్, తర్వాత నష్టపరిహారం లెక్కలు, ఆపైన టెండర్. దారిలో పాత గుడో కోటగోడో ఉందన్న సంగతి చాలాసార్లు టెండర్ అయ్యాకే గుర్తొస్తుంది. అప్పుడు ఎన్ని పరుగులు పెట్టినా టెన్షనే మిగులుతుంది. ఎందుకంటే అలాంటి కట్టడం పక్కన పనికి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న అనుమతి, కావాలి. కొన్ని చోట్ల అది ఆలస్యంగా రావడం కాదు, అసలు రాదు. అందుకే డీపీఆర్, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక, దశలోనే ఈ పని మొదలుపెట్టాలి.

ముందు కట్టడం ఎవరిదో తేల్చుకోండి

హైదరాబాద్‌నే చూడండి. చార్మినార్, గోల్కొండ కోట ఏఎస్ఐ అని పిలిచే కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కోటకు కాస్త దూరంలోనే ఉన్న కుతుబ్ షాహీ సమాధులు రాష్ట్ర శాఖవి. కేంద్ర జాబితాలో ఉన్నవాటికి 1958 నాటి చట్టం, దానికి 2010లో చేసిన సవరణ వర్తిస్తాయి. రాష్ట్ర జాబితాలోవాటికి తెలంగాణలో 2017 వారసత్వ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం ఉన్నాయి. చట్టంతో పాటు కాగితం వెళ్లాల్సిన ఆఫీసూ మారుతుంది. ఇక్కడ చెప్పే విధానం కేంద్ర రక్షణలోని కట్టడాలకు.

కొలత ఎక్కడి నుంచి?

రక్షిత హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. అది దాటాక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గోపురం నుంచో మండపం మెట్ల నుంచో టేపు పట్టకూడదు. నోటిఫికేషన్‌లో చూపిన హద్దే లెక్క. లేపాక్షిలో గుడి ఒకచోట ఉంటే, ఏకశిలా నంది రోడ్డు పక్కన మరోచోట ఉంది. రెండింటి నుంచీ విడివిడిగా కొలవాలి. ఓరుగల్లు కోటకైతే మట్టిగోడ, రాతిగోడ అని వరుసలున్నాయి. ఏది ఎంతవరకు రక్షితమో ఏఎస్ఐ సర్కిల్ ఆఫీసులో పాత నోటిఫికేషన్, సర్వే నంబర్ల స్కెచ్ చూసి రాతపూర్వకంగా తీసుకోండి. తెలంగాణకు హైదరాబాద్ సర్కిల్, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి సర్కిల్. గూగుల్ మ్యాప్‌లో గీత గీసి "నూటపది మీటర్లుందండీ" అంటే ఎవరూ ఒప్పుకోరు.

100 మీటర్ల లోపల కొత్త నిర్మాణానికి అసలు దరఖాస్తే లేదు. ప్రజాప్రయోజనం అన్న మాట కూడా అక్కడ పనిచేయదు. 2010 సవరణకు ముందు ప్రభుత్వ పనులకు ప్రత్యేక అనుమతి ఇచ్చే వీలుండేది, ఆ సవరణతో అదీ పోయింది. ఆగ్రా దగ్గర సికంద్రాలో అక్బర్ సమాధి ఎదుట ఎలివేటెడ్ రోడ్డుకు వచ్చిన చిక్కు ఇదే. ఇలాంటి పనుల కోసమే నిబంధన సడలించాలని కేంద్రం 2017లో బిల్లు తెచ్చింది. 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించినా, రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, చట్టం కాలేదు. కాబట్టి ఆ ముక్కలో అలైన్‌మెంట్, అంటే రోడ్డు వెళ్లే దారి, మార్చాలి, లేదా వెడల్పును అవతలి వైపు జరపాలి, లేదా ఉన్న రోడ్డుతోనే సర్దుకోవాలి.

ఒక్క మినహాయింపు: డ్రైనేజీ, తాగునీటి లైన్లు, కరెంటు సరఫరా పనులను చట్టం "నిర్మాణం" కింద లెక్కపెట్టదు. ఆ జాబితాలో రోడ్డు వెడల్పు లేదు. డ్రైనేజీ పేరు చెప్పి రిటైనింగ్ వాల్ పోసేసే తెలివి తనిఖీలో నిలవదు. ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

నియంత్రిత ప్రాంతంలో దరఖాస్తు

దరఖాస్తు చేయాల్సింది పని చేయించే సంస్థ: ఆర్ అండ్ బీ, మున్సిపాలిటీ, జాతీయ రహదారుల విభాగం, ఏదైతే అది. కాంట్రాక్టర్ కాదు. జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ, అంటే ఎన్‌ఎంఏ, ఆన్‌లైన్ పోర్టల్‌లో వివరాలు నింపాలి. స్థలం కోఆర్డినేట్లకు ఇస్రో తయారుచేసిన స్మారక్ యాప్ ఉంది.

అలైన్‌మెంట్ ప్లాన్, ఇప్పటి వెడల్పు, కొత్త వెడల్పు, క్రాస్ సెక్షన్లు, తవ్వే లోతు, ఫ్లైఓవర్ ఉంటే దాని ఎత్తు, నాలుగు వైపుల నుంచి ఫొటోలు సిద్ధం చేసుకోండి. ఆ కట్టడానికి హెరిటేజ్ బైలాస్, అంటే దాని చుట్టూ నిర్మాణాలకు పెట్టే నియమాలు, ఖరారయ్యాయేమో ముందే చూడండి. ఉంటే మీ డిజైన్‌ను వాటితోనే పోల్చి చూస్తారు.

అన్నిటికంటే బరువైనది ప్రభావ నివేదిక. "కట్టడానికి ఎలాంటి హాని లేదు" అని ఒక్క లైన్ రాసి పంపితే ప్రశ్నలతో తిరిగొస్తుంది. వైబ్రేటరీ రోలర్ ఎంత దూరంలో తిరుగుతుంది, అక్కడ మామూలు రోలర్ వాడతారా, కంకర, ఇసుక ఎక్కడ పోస్తారు, పని జరిగినన్నాళ్లు భక్తులూ పర్యాటకులూ ఎటు నుంచి వెళ్తారు, ఇవన్నీ రాయాలి. నన్నడిగితే అందరూ వదిలేసేది వాననీరు. తారు మీద తారు వేసుకుంటూ పోతే రోడ్డు ఎత్తు పెరిగి పాత గుడి గుంటలో పడుతుంది. మొదటి వానకే ముంగిట్లో నీళ్లు నిలుస్తాయి, పునాది రాళ్ల సందుల్లోకి దిగుతాయి. కాబట్టి రోడ్డు పూర్తయ్యాక ఉండే ఎత్తు, గుడి ముంగిలి ఎత్తు, నీరు పోయే వాలు ఒకే డ్రాయింగ్‌లో చూపండి.

రాష్ట్రానికి నియమించిన కాంపిటెంట్ అథారిటీ, అంటే అనుమతి ఉత్తర్వు ఇచ్చే అధికారి, 15 రోజుల్లో దరఖాస్తును ఎన్‌ఎంఏకు పంపాలి. ఎన్‌ఎంఏ రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి. అది అందిన నెలలోపు అథారిటీ ఉత్తర్వు ఇవ్వాలి. ఎన్‌ఎంఏ సిఫార్సే అంతిమం. ఇవి చట్టంలోని గడువులు, కాగితాలు సరిగ్గా లేకపోతే సాగుతాయి.

ఇల్లు కోల్పోయేవాళ్లకు

వెడల్పులో ఇంటి ముందు భాగం పోయినవాళ్లకు రోడ్డు ఎన్‌ఓసీ వర్తించదు, విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి, లేదా ఆ తర్వాత అనుమతితో కట్టిన ఇంటికి మరమ్మతు, పునరుద్ధరణ వరకే అనుమతి అడగొచ్చు. పడగొట్టి మళ్లీ కట్టడం అందులోకి రాదు, పాత కొలతలతో కట్టినా సరే. "ఎలాగూ సగం పోతోంది, మొత్తం తీసేసి కొత్తగా వేసుకుందాం" అనుకున్నవాళ్లకు ఖాళీ స్థలమే మిగులుతుంది. నష్టపరిహారం చెక్కు రాగానే జేసీబీని పిలవకండి. 1992కు ముందు నాటి ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులు వెతికి పెట్టుకోండి. నియంత్రిత ప్రాంతంలోనైతే తిరిగి కట్టడానికీ దరఖాస్తు పెట్టవచ్చు.

జాబితాలో లేనివి

ఊరి బయట వీరగల్లు, శాసనం ఉన్న బండ, మెట్లబావి లాంటివి ఏ జాబితాలోనూ ఉండకపోవచ్చు. సర్వేకి వెళ్లినప్పుడే ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, ఫొటోలు తీసి, రాష్ట్ర పురావస్తు శాఖకు లేఖ రాయండి. తవ్వుతుండగా విగ్రహమో నాణేల కుండో బయటపడితే అక్కడ పని ఆపి కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దీనికి 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. అందులో విలువ పరిమితి ఇప్పటికీ పది రూపాయలే, అంటే దొరికిన ప్రతిదీ చెప్పాల్సిందే.